ఎవరి పిండి వారిదే

భీమవ్వ మొదటిసారి బోధన్‌కు వచ్చింది చెరుకు బండి మీద, మొగుడికి సద్ది మూట పట్టుకొని. అది 1956. ఆ ఏడు రాష్ట్రం పేరు మారింది, నిజామాబాద్‌లో కచేరీల మీద బోర్డులు మారాయి. చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్ల వరస మాత్రం మారలేదు. ఇంకొంచెం పొడుగైంది, అంతే.

రెంజల్ దగ్గరి ఊళ్ళో వాళ్ళకు కాస్త మెట్ట చేను ఉండేది. కాలువ నీళ్ళు ఆ చేను గట్టు దాకా వచ్చి పక్కవాళ్ళ పొలంలోకి మళ్ళేవి. పక్కవాళ్ళు చెరుకు పెట్టారు. భీమవ్వ మొగుడు ఆశన్న ఎడ్లూ బండీ సంపాదించుకొని వాళ్ళ చెరుకు ఫ్యాక్టరీకి తోలడం మొదలుపెట్టాడు. "నీళ్ళు మనకు రాకున్నా, నీళ్ళెంబడి అచ్చిన పనైతె అచ్చింది" అని నవ్వేవాడు. ఆ మాటలో ఏడుపు లేదు. ఆ రోజుల్లో బోధన్ చుట్టుపక్కల ఏడ్చే తీరిక ఎవరికీ లేదు. ఎటు చూసినా చెరుకే. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు పొలాల మధ్య క్యాంపులు కట్టుకున్నారు. రుద్రూర్ పరిశోధన కేంద్రం నుంచి కొత్త రకం గడలు బండ్ల కొద్దీ ఊళ్ళకు పోతున్నాయి. మట్టి రోడ్డు మీద కంకర పడింది.

ఆశన్న పాదం మీదుగా బండి చక్రం పోయింది 1961లో. నిండు చెరుకు బండి అది. పాదం బతికింది కాని, పని చేసే పాదం కాకుండా పోయింది. ఎడ్లను అమ్మారు. అప్పటికి బోధన్‌లో ఉంటున్న భీమవ్వకు రెండు దారులు మిగిలాయి. ఊరికి పోయి ఇతరుల చెరుకు తోటల్లో కలుపు తీయడం ఒకటి. అక్కడే, షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గేటు ముందే, ఏదో ఒకటి చేయడం రెండోది. వాళ్ళ బిడ్డ రాధాబాయిని అప్పుడే బోధన్ బడిలో వేశారు. అందుకని ఆమె రెండో దారి పట్టింది. బడి మీది ప్రేమ సగమే కారణం. కలుపు తీయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ పడేది కాదు. వంగి చేసే పని కన్నా కూర్చొని చేసే పని మేలని ఆమె లెక్క.

ఆమె ఎంచుకున్న పని ఎక్కడి నుంచి పుట్టిందో తెలియాలంటే బండ్ల వరస సంగతి చెప్పాలి.

ఊళ్ళ నుంచి వచ్చిన బండ్లు కాంటా దగ్గర తూకం కోసం ఆగేవి. కాంటా అంటే బండిని చెరుకుతో సహా నిలబెట్టి తూచే పెద్ద త్రాసు. అక్కడొక గంట ఉండేది. గంట మోగితే ముందున్న కొన్ని బండ్లు కదలాలి. ఆ క్షణానికి ఎడ్లు కాడి కింద లేకపోయినా, మనిషి బండి దగ్గర లేకపోయినా, వెనక బండి దాటిపోతుంది. తప్పిపోయినవాడు మళ్ళీ వరస చివరికి పోవాలి. గంట ఎప్పుడు మోగుతుందో కొట్టేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అందుకే బండివాడు బండిని విడిచి దూరం పోడు. ఇంటి సద్ది ఒక పూటకు సరిపోతుంది. వరస ఒక్కోసారి మర్నాటి దాకా జరుగుతుంది. కాబట్టి ప్రతి బండి కిందా ఒక పిండి సంచి వేలాడేది. ఆకలైతే మగవాళ్ళే మూడు రాళ్ళు పెట్టి రొట్టె కాల్చేవాళ్ళు. ఒక పక్క మాడేది, ఇంకో పక్క పచ్చిగా ఉండేది. కాలినంత మేరకు తిని, మిగిలింది ఎడ్లకు వేసేవాళ్ళు.

వండి అమ్మేవాళ్ళ దగ్గర కొనుక్కోవచ్చు కదా అంటే, కొనరు. ఎవరి పిండి వారిదే. తమ ఇంటి గింజ, తమ ఇంట్లో విసిరిన పిండి మాత్రమే తమ కడుపులోకి పోవాలి. కాల్చే చెయ్యి కాస్త మంచి కులందైతే చాలు. పిండి మాత్రం పరాయిది కాకూడదు.

భీమవ్వ కాపుల ఆడబిడ్డ. చెయ్యి అందరికీ చెల్లుతుంది. కాంటా గది ఎదుట, పాత నీళ్ళ తొట్టి పక్కన పొయ్యి పెట్టింది. బండివాళ్ళు తమ సంచులు తెచ్చి ఇచ్చేవాళ్ళు, ఆమె వేడినీళ్ళతో పిండి కలిపి, చేత్తో కొట్టి, పెనం మీద కాల్చి ఇచ్చేది. కూలిగా ప్రతి సంచీలోంచి ఒక పిడికెడు పిండి తీసుకొని తన రేకు డబ్బాలో వేసుకునేది. ఆ పిండే ఇంటిల్లిపాదికీ తిండి. మిగిలింది బజారులో ఉప్పూ మిరపకాయా అయ్యేది.

రొట్టెలు కలిసిపోకుండా ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. రుద్రూర్ వైపు నుంచి వచ్చే ఒకతని రొట్టెకు నడుమ బొటనవేలితో ఒక నొక్కు. మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చే ఇంకొకతనికి రెండు నొక్కులు. ఒకరికి అంచు చిదమడం, ఒకరికి గోటి గీత. కాలిన తర్వాత కూడా గుర్తు నిలిచేది. "భీమక్క రొట్టె మీద ముద్రేస్తది, సర్కారోళ్ళ తీరు" అని ముత్తన్న అనేవాడు. ముత్తన్న రుద్రూర్ వైపు బండ్లకు పెద్ద. నోరు ఊరికే ఉండదు.

"ముద్ర లేకుంటె నీ రొట్టె ఇంకొకడు తింటడు" అనేది భీమవ్వ.

"తినని. నా పెండ్లాం విసిరిన పిండి ఎంత మొద్దుగుంటదో వానికి గూడ ఎర్కైతది."

అలా ఆరేడు సీజన్లు గడిచాయి. వరసలో కర్ర చక్రాల బండ్లు తగ్గి రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి. వాటి మీద ఎక్కువ చెరుకు పట్టేది, ఎడ్లకు బరువు తక్కువ. సొసైటీలు అప్పులిచ్చాయి. ఇదివరకు బండి కొనే ఊహే లేనివాళ్ళు బండ్లవాళ్ళయ్యారు. వాళ్ళలో ఒకడు సిద్దిరాములు.

సిద్దిరాములుది మాలవాడ. రుద్రూర్ కేంద్రంలో కూలి చేసి, సొసైటీలో బండి సంపాదించి, కిరాయికి చెరుకు తోలడానికి వచ్చాడు. అతని మొదటి కిరాయి బాపురావు పటేల్ చెరుకే. బాపురావు ఆ చుట్టుపక్కల పెద్ద చెరుకు రైతు. కొత్తదేదైనా ముందు ఆయన చేలోకే రావాలి: పంపు ఇంజను, సంచుల ఎరువు, కొత్త రకం గడ. మోటారు సైకిలు కొన్న మొదటి పటేల్ కూడా ఆయనే. కొత్త గడను ఆయన ఒక్క చూపులో నమ్మేవాడు. మనుషుల విషయంలో అంత తొందరపడేవాడు కాదు. తన బండ్లు చాలక సిద్దిరాములును పిలిచాడు తప్ప, పిలవడం ఆయనకు ఇష్టం కాదు.

మొదటి రోజు సిద్దిరాములు పొయ్యికి దూరంగా నిలబడ్డాడు.

"అవ్వా, పిండి తెచ్చుకున్న. కాల్సిస్తవా?"

భీమవ్వ రొట్టె తిప్పుతూ, "నీ బండి వరసల ఏడున్నది?" అంది.

"శాన ఎనుక."

"గట్లయితె తొందరేమున్నది? కూసో. అందరియి అయినంక జేస్త."

అతడు కూర్చోలేదు. "పిడికెడు పిండికి బదులు పైసలిస్తనే. నా పిండి నీ డబ్బల ఎందుకు?"

"పైసలు నానబెట్టుకొని తినాల్నా? అందరేమిస్తరో నువ్వు గదే ఇయ్యి. నీ పిండిల పురుగులున్నయా ఏంది?"

"రుద్రూర్ జొన్నలు అవ్వా, కొత్తయి. పటేలింట్ల గూడ గిసొంటియి ఉండయి."

"అయితె ఇంకేంది. పిడికిలి జర పెద్దగ పడ్త."

అతని రొట్టెలకు గోరుతో వంకర గీత గీసింది. ఆమె అందులో ధర్మమేదీ చూడలేదు. పొయ్యి ఎలాగూ మండుతోంది, ఇంకొక సంచి వస్తే ఇంకొక పిడికెడు. చూసినవాళ్ళు చూడనట్టే ఉన్నారు. పెనం నిప్పు మీద కాలుతుంది కాబట్టి దానికి మైల అంటదని ఒక ముసలి బండివాడు తేల్చి చెప్పాడు. మిగతావాళ్ళకు ఆ మాట సరిపోయింది. నిజానికి ఎవరూ ఆ రేకు డబ్బా గురించి ఆలోచించలేదు. డబ్బాలోని పిండి భీమవ్వది. భీమవ్వ ఏం తింటే వాళ్ళకేం?

1968 జనవరిలో కాలం కాని కాలంలో వాన వచ్చింది. తెల్లవారుజామున మొదలై, ఎండ రావలసిన వేళ దాకా దంచింది. బండ్ల కింద వేలాడిన పిండి సంచులు తడిసి ముద్దయ్యాయి. బండివాళ్ళు గోనెలు కప్పుకొని, చలికి పళ్ళు కొరుకుతూ పొయ్యి చుట్టూ చేరారు.

"మా పిండి గటకైంది భీమక్కా" అన్నాడు ముత్తన్న, కారుతున్న సంచి ఎత్తి చూపిస్తూ. "గింత గరిటె పెట్టి తాగుదునా?"

భీమవ్వ తాటాకు పందిరి కింద ఉన్న తన రేకు డబ్బా వైపు చూసింది. అందులో పిండి నిండుగా ఉంది, పొడిగా ఉంది. ఇంత మంది ఆకలితో ఉంటే దాన్ని దాచుకోవడం ఆమెకు చేతకాలేదు. అప్పుడు పెడితే తర్వాత రెండింతలు ఇస్తారన్న లెక్క కూడా ఉంది. మూత తీసింది.

ఆ రోజు రొట్టెలకు ముద్రలు లేవు. వేడివేడిగా, వెల్లుల్లి కారంతో, ఎవరి చేతికి వచ్చింది వాళ్ళు తిన్నారు. తన బండ్లు ఏమయ్యాయో చూసుకోవడానికి మోటారు సైకిలు మీద తడుస్తూ వచ్చిన బాపురావుకు కూడా ముత్తన్న ఒక రొట్టె అందించాడు. ఆయన నిలబడే తిన్నాడు, రెండోది అడిగి తీసుకున్నాడు. సిద్దిరాములు ఎప్పటిలాగే కొంచెం ఎడంగా, తన బండి చక్రం పక్కన కూర్చొని తింటున్నాడు.

"ఇయ్యాల రొట్టె మంచిగున్నది" అన్నాడు బాపురావు. "ఎవలింటి పిండి ఇది?"

"అందరిది పటేలా."

"అందరిది అంటె?"

"మీవోళ్ళంత పిడికెడు పిడికెడు ఇస్తరు గదా. గదంత ఏడికి పోతదనుకున్నరు? గీ డబ్బల్నే."

బాపురావు నములుతున్నవాడు ఆగాడు. ఆయన చూపు బండి చక్రం వైపు పోయింది. "గా సిద్దిరాములుది గూడనా?"

భీమవ్వకు అప్పుడు అర్థమైంది తాను ఏం చేసిందో. అబద్ధం ఆడటానికి ఒక్క క్షణం ఉంది. ఆడితే సిద్దిరాములు ఎదుటే ఆడాలి, అతను ఇచ్చిన పిడికిళ్ళన్నీ ఊరికే పోయినట్టు.

"ఆయనకు ఊకెనే కాల్సిస్తనా? ఆయనది గూడ" అంది.

ఒకతను పక్కకు పోయి ఉమ్మాడు. ఇంకొకతను చేతిలోని ముక్కను ఏం చేయాలో తెలియక కండువాలో పెట్టుకున్నాడు.

"నేనైతె మింగిన పటేలా" అన్నాడు ముత్తన్న. "ఇప్పుడేం జెయ్యాలె?"

"నోర్మూసుకో."

"నోరు మూసుకున్నా లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటది గదా."

బాపురావు అతన్ని పట్టించుకోలేదు. "కాపుదానివని నమ్మి పిండి చేతికిస్తిమి భీమవ్వా" అన్నాడు.

"నేను కాపుదాన్నే పటేలా. కూలి తీసుకునే కాపుదాన్ని. కూలి ఎవలిస్తె వాళ్ళది తీసుకున్న."

సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. "నేను ముందే జెప్తి గదవ్వా, పైసలిస్తనని."

"కూసో" అంది భీమవ్వ అతని వైపు తిరగకుండానే. "నువ్వు లేస్తె తప్పు జేసినట్టైతది."

అతను కూర్చోలేదు, పోనూ లేదు. బాపురావు చేతిలోని సగం రొట్టెను నీళ్ళ తొట్టి గట్టు మీద పెట్టాడు. "రేపట్నించి రుద్రూర్ బండ్లు నీ పొయ్యి మొకం సూడయి" అని మోటారు సైకిలు ఎక్కాడు. వానకు అది వెంటనే స్టార్ట్ కాలేదు. రెండు మూడుసార్లు తన్నాల్సి వచ్చింది. ఆ సేపంతా ఎవరూ నవ్వలేదు.

రుద్రూర్ బండ్లంటే వరసలో సగం. మిగతా సగం కూడా వాళ్ళను చూసి నడుస్తుంది. మర్నాడు పొయ్యి దగ్గరికి పిండి సంచులు రాలేదు. రెండు రోజుల్లో బాపురావు తన పొలంలో పనిచేసే శంకరమ్మను తీసుకొచ్చి, రోడ్డుకు అవతలి వైపు పొయ్యి పెట్టించాడు. కాంటా ముందు జాగా ఎవరి పేరు మీదా లేదు. ఎవరి పొయ్యి దగ్గర జనం ఉంటే జాగా వాళ్ళది. జనం లేని పొయ్యిని సీజను సగంలోనే ఎవరో ఒకరు తన్ని పక్కన పెడతారు. అప్పుడు భీమవ్వకు రెంజల్ బస్సు తప్ప దారి లేదు, బస్సు దిగితే కలుపు తోటలు. ఆ తోటల్లో బాపురావువీ ఉన్నాయి.

ఆశన్న ఇంటి గడపలో కాలు చాపుకొని కూర్చొని అన్నీ విన్నాడు. "ఓ రాధవ్వా" అన్నాడు బిడ్డ పేరుతో పెండ్లాన్ని పిలుస్తూ, "గా పటేల్ సెరుకును సిద్దిరాములే తోలుతడు. గా సెరుకే ఫ్యాక్టరీల పడుతది. చక్కెరైనంక గదే ఛాయల పోసుకొని పటేల్ తాగుతడు. గది అడగకపోయినవ్?"

"అడిగితె ఆయన ఛాయ మానేస్తడా, రొట్టె తింటడా? నాకు గెలుసుడు అక్కర లేదు. నా పొయ్యి మండాలె."

"మరేం జేస్తవ్? పోయి కాళ్ళు మొక్కుతవా?"

భీమవ్వ డబ్బా వంచి, ఇంకా ఎంత పిండి ఉందో చూసింది.

ఆమెకు తట్టిన ఆలోచన గొప్పది కాదు. పిండి ఎవరిదన్న ప్రశ్న వచ్చింది కాబట్టే గొడవ వచ్చింది. పిండి తనదే అయితే ఆ ప్రశ్న ఉండదు. ఇక సంచులు తీసుకోదు. రొట్టె తనది, కావలసినవాడు పైసలిచ్చి కొనుక్కుంటాడు. బోధన్ బజారులో అప్పటికే ఛాయ్ హోటళ్ళు అలాగే నడుస్తున్నాయి. ఎవరి పాలు, ఎవరి చేతి గిలాస అని అక్కడ ఎవరూ అడగడం లేదు. పల్లె బండివాళ్ళకు మాత్రం ఆ అలవాటు ఇంకా కాంటా దాకా రాలేదు.

మర్నాడు తెల్లవారకముందే డబ్బాలో ఉన్న పిండంతా కాల్చి, రొట్టెల్ని వెదురు గంపలో ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డ కప్పి కూర్చుంది. మొదట కొన్నది సిద్దిరాములు. కొన్నాక గంప పక్కనే నిలబడి తిన్నాడు, ఎప్పటికన్నా దగ్గరగా. తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. రోడ్డుకు అవతల శంకరమ్మ పొయ్యి చుట్టూ సంచులు గుట్టగా ఉన్నాయి. ముత్తన్న అక్కడి నుంచి ఒకసారి ఇటు చూసి, తల గోక్కొని, మళ్ళీ అటు తిరిగాడు.

మధ్యాహ్నానికి చక్కెర బస్తాలు తీసుకుపోయే లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి, "ఏమమ్మా, తినడానికి ఏమైనా ఉందా?" అని కోస్తా యాసలో అడిగాడు. అతనికి పిండి సంచి లేదు. హైదరాబాద్ దాకా అతని తిండి దారిలోనే దొరకాలి. అతను కొన్నాడు, క్లీనరు కొన్నాడు. రెండో లారీ అతన్ని చూసి ఆగింది. ఫ్యాక్టరీ లోపల కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఫిట్టర్లు సాయంత్రం షిఫ్టు దిగి వచ్చారు. వాళ్ళకు ఎవరి కులం ఏమిటో తెలియదు. తెలుసుకునే ఆసక్తి కూడా లేదు. రొట్టె కరకరలాడాలి, కారం ఘాటుగా ఉండాలి. గంప ఖాళీ అయింది. భీమవ్వ ఆ పైసలతో బజారులో జొన్నలు కొని, పిండి గిర్నీలో పట్టించుకొని ఇంటికి పోయింది. అన్నేళ్ళలో పైసలు పోసి గింజలు కొనడం ఆమెకు అదే మొదటిసారి.

బండివాళ్ళు తిరిగి వచ్చింది మనసు మారి కాదు, గంట వల్ల.

శంకరమ్మ మంచి మనిషి, రొట్టె కూడా బాగా కొడుతుంది. కానీ అందరి సంచుల పిండీ విడివిడిగా కలపాలి, విడివిడిగా కొట్టాలి, ఎవరివి వాళ్ళకే ఇవ్వాలి. భీమవ్వకు ఏళ్ళ తరబడి అలవాటైన పని అది. శంకరమ్మకు చెయ్యి తిరగలేదు. ఒక రోజు తన రొట్టె కోసం కూర్చున్న ముత్తన్న పెనం వైపే చూస్తున్నాడు. అప్పుడు గంట మోగింది.

"ఆగు, ఇంకొక్క పక్క కాలాలె" అంది శంకరమ్మ.

"నువ్వు కాల్సుడయ్యేలోపట నా బండి సిరికొండ అడవికి పోతది!" అని ముత్తన్న పరుగెత్తాడు. అతను కాడి ఎత్తేలోపల వెనకబండి దాటిపోయింది. వరస చివరికి పోయాడు. ఆకలి మాత్రం అతని వెంటే వచ్చింది.

అటు పోతూ పోతూ భీమవ్వ గంప ముందు ఆగాడు. చుట్టూ చూశాడు.

"గివి ఎవలి పిండి?"

"నాది."

"నీది అంటె?"

"బజార్ల కొన్న, గిర్నీల పట్టిచ్చిన."

"గా బజారోడు ఎవలి దగ్గర కొన్నడో?"

"పోయి అడుగు. ఆయన జెప్తె నాకూ జెప్పు."

ముత్తన్న కొంచెం ఆలోచించాడు. బజారులో గింజ ఎవరి చేలో పండిందో బ్రహ్మకు కూడా తెలియదు. తెలియనిదానికి తప్పు పట్టడం ఎలాగో అతనికి తోచలేదు, తోచాలని అతనూ ఎక్కువ ప్రయత్నం చేయలేదు.

"జర గుడ్డల కట్టియ్యి" అన్నాడు. "ఆ పక్క పోయి తింట."

బండి వెనక కూర్చొని తిన్నాడు. మర్నాడు ఇద్దరు వచ్చారు, వాళ్ళూ గుడ్డలో కట్టించుకున్నారు. వారం తిరిగేలోపల గుడ్డ అడగడం మానేశారు, ఎందుకంటే కట్టించుకునే లోపల గంట మోగితే అదీ ఆలస్యమే. గంప ముందు నిలబడి, ఒక చేత్తో రొట్టె, ఒక చేత్తో పగ్గం పట్టుకొని తినడం అలవాటైంది. పిండి సంచులు ఇంటి దగ్గరే ఉండిపోయాయి. ఇంట్లో ఆడవాళ్ళకు ఆ మేరకు విసిరే పని తగ్గింది. ఆ సంగతి మీద ఏ ఇంట్లోనూ ఎవరూ ఫిర్యాదు చేసినట్టు వినలేదు.

తర్వాతి ఏళ్ళలో జరిగింది క్లుప్తంగా చెప్పాలంటే, భీమవ్వ పొయ్యి పెరిగింది. రేకుల పందిరి వచ్చింది, బల్లలు వచ్చాయి, కోస్తా డ్రైవర్ల కోసం అన్నమూ పచ్చిపులుసూ వచ్చాయి. 1972 కరువులో జొన్నలు దొరకక రేషన్ షాపు ఎర్ర జొన్నలతో రొట్టెలు చేసింది. బండివాళ్ళు ఆ రంగు చూసి మొహం చిట్లించారు, కాని అందరూ ఒకే రకంగా చిట్లించారు. ట్రాక్టర్లు వచ్చి బండ్లు తగ్గినా గంప తగ్గలేదు. రాధాబాయి పది పాసై నిజామాబాద్‌లో టైపు నేర్చుకుంది. అయితే వీటన్నిటికీ పునాది పడింది ఆ 1968 సీజను చివరలోనే, బాపురావు మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చిన రోజు.

ఆయన కోపంగా రాలేదు. తన బండివాళ్ళు ఎక్కడ తింటున్నారో ఆయనకు తెలుసు. తెలిసి కూడా వాళ్ళను ఆపలేడు. ఆపితే వాళ్ళు వరస తప్పుతారు, వరస తప్పితే చెరుకు ఎండుతుంది, ఎండిన చెరుకు తూకం తగ్గుతుంది. అందుకే బేరానికి వచ్చాడు.

"సూడు భీమవ్వా, నేనొక మాట జెప్త. నీకు పందిరి నేను ఏపిస్త, రేకులతోని. మంచిగ నీడలో కూసుంటవ్. నువ్వొక్కటి జెయ్యి. రెండు పెనాలు పెట్టు. ఒకటి మావోళ్ళకు, ఒకటి తక్కినోళ్ళకు. నీకు గిరాకి తక్కువ గాదు, నాకు మాట దక్కుతది."

రేకుల పందిరి చిన్న విషయం కాదు. చిల్లుల తాటాకు కింద వానకు తడిసి, ఎండకు మాడి ఏడేళ్ళు కూర్చున్న మనిషికి అది ఎంత పెద్దదో ఆమెకే తెలుసు. సిద్దిరాములు బండి అప్పుడు కాంటా మీద ఉంది. అతను ఎడ్ల మెడలు పట్టుకొని ఇటు వింటున్నాడు.

"రెండు పెనాలు పెట్టొచ్చు పటేలా" అంది భీమవ్వ. "రెండు గంపలు గూడ పెట్టాలె గదా? రెండు డబ్బలు, రెండు పొయిలు. గంట మోగుతది. అందరొక్కసారి చేతులు సాపుతరు. నేను ఎవలు ఏ గంపోళ్ళో మొకాలు సూసుకుంట కూసుంటె, మీ ముత్తన్న మల్ల వరస ఎనుకకు పోతడు. మీ సెరుకు ఎండుతది. పందిరేమో నాకస్తది, నష్టమేమో మీకస్తది. నాకు మంచిగనిపిస్తలేదు."

బాపురావుకు నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. "నా నష్టం సంగతి నీకెందుకే?"

"మీరు నష్టపోతె బండ్లు రావు. బండ్లు రాకుంటె నా రొట్టెలెవలు తింటరు?"

ఆయన మోటారు సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. రోడ్డుకు అవతల శంకరమ్మ పొయ్యి ముందు ఆ పూట ఇద్దరే ఉన్నారు. ఆమె ఈ మాటలన్నీ వింది.

మర్నాడు పొద్దున శంకరమ్మ తన పెనం నెత్తిన పెట్టుకొని రోడ్డు దాటి వచ్చి నిలబడింది.

"అక్కా, పటేల్‌కు జెప్పలేదు. జెప్తె ఒద్దంటడు. నీ దగ్గర పని ఉంటదా?"

"ముద్ర లేకుంట కొడ్తవా?"

"ముద్రలెయ్యలేకనే గదా నేను సచ్చింది."

"అయితె ఈడ పెట్టు. జొన్నలు నేను కొంట, నీళ్ళు నువ్వు మోయి. అమ్మింది సగం సగం."

"సగం!" అంది శంకరమ్మ. ఆమెకు అప్పటి దాకా ఎవరూ సగం ఇస్తాననలేదు.

ఎండ ఎక్కేసరికి బాపురావు మోటారు సైకిలు వచ్చింది. అవతలి వైపు ఖాళీగా ఉంది. ఇటు చూస్తే పొయ్యి మీద రెండు పెనాలు కాలుతున్నాయి. ఆయన మొహం వికసించింది. దిగి దగ్గరికి వచ్చాడు.

"నిన్న ఒద్దంటివి. మల్ల రెండు పెనాలు పెట్టినవ్ గదనే! గట్లనే ఉండాలె."

"పెట్టిన పటేలా" అంది భీమవ్వ. "గిరాకి ఎక్కువైంది. పిండి మాత్రం ఒక్కటే."

ఆయన శంకరమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకొని రొట్టె కొడుతోంది, కొంచెం గట్టిగానే. అప్పుడే గంట మోగింది. ముత్తన్న ముందు ఒక రొట్టె అందుకొని బండి వైపు పరుగెత్తాడు, వెనకే సిద్దిరాములు, వాళ్ళ వెనక ఇంకో పదిమంది. ఎవరు ఏ పెనం మీదిది అందుకున్నారో ఎవరూ చూడలేదు. పైసలు గంపలో పడ్డాయి, బండ్లు కదిలాయి. బాపురావు చెరుకు బండ్లు వరసలో అన్నిటికన్నా ముందు కాంటా ఎక్కాయి.

ఆయన కాసేపు నిలబడి తన బండ్ల తూకం చూసుకున్నాడు. తర్వాత పొయ్యి వైపు రాకుండా మోటారు సైకిలు తిప్పుకొని పోయాడు. ఈసారి అది మొదటి తన్నుకే స్టార్ట్ అయింది.

"తినకుంటనే పాయె" అంది శంకరమ్మ.

"పోనీ. ఇంటి కాడ తింటడు" అని భీమవ్వ తర్వాతి ముద్ద చేతిలోకి తీసుకుంది.